ముదిరిన బీట్‌రూట్లు

నా చిన్నప్పుడు మా పెరట్లో బీట్‌రూట్లు తలకాయంత పెరిగాయి. అవి అంత పెరగడం ఇంటికి గొప్ప అని మా తాత అనుకున్నారు. కాదని చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేకపోలేదు. కాని మా తాతకు ఒక మాట చెప్పే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

మాది బాగేపల్లి తాలూకాలో, చాకవేలుకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న పల్లె. మా ఇంటి పేరు ఇక్కడ రాయను. ఆ పక్క ఊళ్లలో పెద్దవాళ్లకు రాయకుండానే తెలుస్తుంది. తెలియనివాళ్లకు రాసినా ప్రయోజనం లేదు. మా ముత్తాత కాలంలో ఊరికి తూర్పున కనిపించే చేలన్నీ మావే. దున్నేవాళ్లకే భూమి అని చట్టం వచ్చాక, గుత్తకు చేస్తున్న కాపులంతా అర్జీలు పెట్టుకున్నారు. ఒక్కొక్క చేను వాళ్ల పేరిట మారిపోయింది. అది అన్యాయమని నేను ఇప్పుడు అనను. ఆ రోజుల్లో మా ఇంట్లో కూడా ఎవరూ అనలేదు. తాత కోర్టుకు పోలేదు, ఎవరినీ బతిమాలలేదు. తాలూకా కచేరీలో సంతకం పెట్టమన్న చోట సంతకం పెట్టి, వచ్చిన దారినే నడిచి ఇంటికి వచ్చారు. కాళ్లు కడుక్కుని, ఏమీ జరగనట్టు అన్నానికి కూర్చున్నారు.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. తాత, అవ్వ, నేను. అమ్మా నాయనా నాకు ఊహ తెలియక ముందే పోయారు. ఆస్తి అని చెప్పుకోవడానికి ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో ఎండని బావి మిగిలాయి. ఈ గడ్డలు పండిన ఏడు నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఏడు వానలు సరిగా లేవు. తోటగారికె ఇలాకా, అంటే సర్కారు తోటల శాఖ, వాళ్లు జీపులో వచ్చి బావి ఉన్న ఇళ్లకు విత్తనాలు పంచిపోయారు. మాకు బీట్‌రూట్ విత్తనాలు వచ్చాయి. చింతామణి సంతలో ఆ గడ్డను చూసినవాళ్లు ఊళ్లో ఉన్నారేమో గాని, పండించినవాళ్లు మాత్రం లేరు. అవ్వ పెరడంతా మళ్లు కట్టి విత్తింది. నేను చేదతో నీళ్లు తోడి పోసేదాన్ని. కొన్నాళ్లకు గడ్డలు నిమ్మకాయంత అయ్యాయి. ఇంకొన్నాళ్లకు పిడికిలంత అయ్యాయి. అవ్వ ఒకటి పీకబోతే తాత వద్దన్నారు.

"ఇంత చిన్నది పీకి ఎవురికి పెడతావు? పెరగనీ" అన్నారు.

ఆయన లెక్కలో గడ్డ అంటే కంద. భూమిలో ఎంతకాలం ఉంటే అంత ఊరుతుంది. ఎంత ఊరితే అంత విలువ. పైగా ఆయన మనసులో ఉన్నది మా వంటిల్లు కాదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ పంట మొదటి కోత అయినా, మేము నోట పెట్టుకోక ముందు, మా చేలల్లో పని చేసే ఇళ్లకు పోవాలి. వెదురు బుట్టలో పెట్టి, ఉతికిన గుడ్డ కప్పి, ఇంటి ఆడపిల్ల చేత పంపేవాళ్లు. చేలు పోయాక రెండేళ్లపాటు పంపడానికి ఏమీ లేకపోయింది. ఆ రెండేళ్లూ తాత సాయంత్రం పూట వీధి అరుగు మీద కూర్చోవడం మానేశారు. ఇవ్వడానికి ఏమీ లేని మనిషి వీధిలోకి చూస్తూ కూర్చోవడం ఆయనకు సబబుగా తోచలేదు. ఇప్పుడు పెరట్లో ఆకుల కింద ఎర్రగా పైకి లేచి వస్తున్న ఆ గడ్డల్ని ఆయన రోజూ పొద్దున్నే పోయి చూసుకునేవారు. చిన్న గడ్డ పంపితే చిన్నతనం అనుకున్నారు. అందుకే వాటిని భూమిలోనే ఉంచారు.

గడ్డలు నిజంగానే తలకాయంత అయ్యాయి. భుజాలు పగిలి, మెడ దగ్గర గరుకు తేలి, ఒక్కొక్కటి పీకడానికి అవ్వా నేనూ ఇద్దరం పట్టుకోవలసి వచ్చేది. బుట్టకు రెండే పట్టేవి. అట్లాంటి బుట్టలు రోజుకు రెండు ఇళ్ల చొప్పున ఎనిమిది ఇళ్లకు మోసుకుపోయాను. ప్రతి ఇంట్లోనూ పూర్వంలాగే లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నారు. మొదటి బుట్టలు పోయిన సాయంత్రమే తాత మళ్లీ అరుగు మీద కూర్చున్నారు.

పెద్దింటి నుంచి వచ్చిన బుట్టను ఖాళీగా తిప్పి పంపడం ఆ ఇళ్లలో లేదు. పూర్వమైతే రెండు తమలపాకులో, గుప్పెడు పల్లీలో వేసి ఇచ్చేవాళ్లు. ఈసారి బుట్టలు పోయినప్పటికన్నా బరువుగా తిరిగొచ్చాయి. ఒక ఇంటి నుంచి రాగులు, ఒక ఇంటి నుంచి ఉలవలు, ఇంకొక ఇంటి నుంచి అలసందలు, వాటి మీద ఒక బెల్లం అచ్చు. అవ్వ గుడ్డ తీసి చూసేది, నా వైపు చూసేది కాదు. రాగులు కుండలో పోసేది. తాత ఎన్నడూ వంటింట్లోకి అడుగు పెట్టిన మనిషి కాదు కాబట్టి, ఏ పిండితో ముద్ద కెలికారో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అడగలేదు. బుట్ట బరువులో తేడా నా నెత్తికి తెలిసింది. నా తలకు మాత్రం ఎక్కలేదు.

ఇళ్లకు పంపడం అయ్యాక మా వంట మొదలైంది. అవ్వకు తెలిసిన పద్ధతి ఒకటే. తొక్క తీసి, ముక్కలు తరిగి, తాళింపు పెట్టడం. ఆ గడ్డ కత్తిపీట మీద కట్టెలాగ నిలబడింది. తరిగిన ముక్కల్లో తెల్లటి వలయాలు, వలయాల మధ్య నార. ఎంతసేపు ఉడికించినా పంటి కింద పీచు, ముద్ద ముద్దకూ మట్టి వాసన. తాత ఆ పూట ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. ఆయనకు పళ్లు తక్కువ. ఉమ్మలేదు, బాగాలేదు అని కూడా అనలేదు. మింగి, మిగిలినవాటిని పళ్లెం అంచుకు జరిపి లేచారు. అవ్వ ముఖం పాలిపోయింది. అది వంట చెడినందుకు కాదని నాకు తరవాత తెలిసింది. ఇట్లాంటి గడ్డల్ని ఎనిమిది ఇళ్లకు మర్యాద అని పంపామే అని.

మా చేలల్లో నీళ్లున్న చేను పేరు కింద చేను. దాన్ని గుత్తకు చేసిన ఇంటావిడను నేను కింద చేని అత్త అనేదాన్ని. చట్టం వచ్చాక ఆ చేను వాళ్లదే అయింది. అయినా ఆమె మా ఇంటికి వీధి వాకిట్లోంచి వచ్చేది కాదు. పెరటి దారిన వచ్చి వంటింటి గడప బయట కూర్చునేది. ఆ మరుసటి రోజు వచ్చి కూర్చున్నప్పుడు ఆమె కన్ను అంట్లు తోమే జాలాడి పక్కన పారబోసిన ఎర్ర ముక్కల మీద పడింది. అవ్వ చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, అడిగింది.

"మీ ఇంట్లో ఎట్ల చేసినావే ఆ గడ్డను?"

"ముదిరినాది గదమ్మా, కత్తిపీట మాట అది వినదు. ముందు దాని మాట మనం వినల్ల" అంది అత్త.

గడప బయట కూర్చునే ఆమె చెప్పింది. లోపల అవ్వ చేసింది. నేను మధ్యలో అందించాను. తొక్క తీయకూడదు. గడ్డను గడ్డగానే కుండలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, గుప్పెడు చింతచిగురు పడేసి, సన్నని మంట మీద పూటంతా ఉంచాలి. చింతచిగురు మట్టి వాసనను లాగేస్తుంది. చల్లారాక తొక్క చేత్తో తోస్తే వచ్చేస్తుంది. ఆకు కాడలు మొలిచిన నెత్తి భాగం రెండు వేళ్ల మందం కోసి తీసెయ్యాలి, అది ఎంత ఉడికినా మెత్తబడదు. మిగిలినదాన్ని అడ్డంగా కోయాలి.

"నిలువుగా కోస్తే నార పొడుగ్గా వచ్చి పండ్లల్లో ఇరుక్కుంటాది. అడ్డంగా కోస్తే తునిగిపోతాది. అసలే అప్పకు పండ్లు యాడుండాయి?" అంది, తాతను ఉద్దేశించి. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చేలు పోయాక అవ్వ నవ్వగా నేను చూడడం అదే మొదలు.

తురిమి, వేయించిన పల్లీలు, ఎండు మిరపకాయలు, చింతపండుతో నూరితే ఊరిబిండి. ఆ తురుమే రాగి పిండిలో కలిపి తడితే రొట్టె. ఉడికిన నీళ్లు పారబోయకుండా, ఉలవలు ఉడికిన నీళ్లతో కలిపి, వెల్లుల్లి, జీలకర్ర కాల్చి నూరి వేస్తే బస్సారు అనే చారు. వడకట్టిన ఉలవలూ గడ్డ ముక్కలూ కలిపి తాళింపు పెడితే ముద్దలో నంజుకునే కూర. మరీ ముదిరినవాటిని పలుచని బిళ్లలు కోసి, ఉప్పు మజ్జిగలో ఊరేసి ఎండబెడితే ఒరుగులు, అవి వేసవి దాటాక కూడా ఉంటాయి.

"ఈ గడ్డ మన ఊరికే కొత్త గదా. నీకెట్ల తెలుసే ఇదంతా?" అని అడిగింది అవ్వ.

"గడ్డ కొత్తదే గానీ ముదురు కొత్తది గాదు గదమ్మా. మొదటి కోత బుట్టలో వచ్చినా, కడా కాపు ముదురంతా మాకే గదా వస్తాండె. ముల్లంగి, బెండ, బీర, ఏది ముదిరినా మా ఇండ్లకే. ఏదోటి చేసుకోని తినల్ల గదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. అవ్వ చెయ్యి మాత్రం తురుముపీట మీద కాసేపు ఆగిపోయింది. మా వంటింట్లో ఎన్నడూ ముదిరిన కాయ తరగలేదు కాబట్టే దాన్ని వండడం మాకు రాలేదని, అత్తలాంటివాళ్లు దాన్ని ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో కూడా అవ్వకు ఆ క్షణంలో తెలిసినట్టుంది. లేచి, "గడప మీద ఎండ పడతాండాది, లోపలికొచ్చి కూచో" అంది. అత్త రాలేదు. ఎండ బాగుందమ్మా అంది.

ఆ రాత్రి తాత బస్సారు రెండోసారి పోయించుకున్నారు. "గడ్డ పెరగనిస్తే ఇదీ రుచి" అన్నారు. అవ్వ అవునంది. బుట్టలు మళ్లీ పోవడం మొదలైంది. వారానికి ఒకసారి ప్రతి ఇంటికీ.

నెల పైన గడిచింది. ఒకరోజు కింద చేని అత్త ఇంట్లో బుట్ట ఇచ్చి, రాగులతో తిరిగి వస్తూ, కప్పిన గుడ్డ అక్కడే మరిచిపోయానని దారిలో గుర్తొచ్చింది. బుట్టను ఒక అరుగు మీద దించి వెనక్కి పోయాను. ఇంట్లో ఎవరూ లేరు. పశువుల కొట్టంలో చప్పుడు వినిపించి అటు పోయాను. అత్త కొడవలి ముందు పెట్టుకుని మా గడ్డల్ని ముక్కలు కోసి ఆవు తొట్టిలో వేస్తోంది. పక్కన కుప్పగా ఇంకా ఇరవై దాకా గడ్డలున్నాయి. ఊళ్లో మరెవరి పెరట్లోనూ బీట్‌రూట్ లేదు. ఎనిమిది ఇళ్లకు నేను మోసినవన్నీ అక్కడికే చేరాయి.

"మా తాత మీకు పంపింది ఆవుకేస్తాండావా?" అన్నాను.

"కూచో పాపా."

"నేను కూచోను."

ఆమె కొడవలి పక్కన పెట్టింది. "నాలుగు దినాలు వండినా పాపా. ఐదో దినం మా ఇంటాయన, ఇంగ ఈ గడ్డ వండితే నేను సన్యాసుల్లో కలిసిపోతా అన్నాడు. కడమ ఇండ్లోళ్లు గూడా తినలేక ఈడికే తెస్తాండారు. మీ ఇంటిది దిబ్బలో పారేయలేం గదా."

"తినకుంటే మరి రాగులెందుకిస్తాండారు?"

ఆమె లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. తరవాత మెల్లగా, "మీ తాతకు చెప్పొద్దు పాపా. నీకు చెయ్యెత్తి మొక్కుతా" అంది. అని నిజంగానే చేతులు జోడించింది. మా అవ్వ వయసుకు పదేళ్లు తక్కువేమో ఆమె. అంత పెద్ద మనిషి తొమ్మిదేళ్ల పిల్లకు దండం పెట్టడం నేను భరించలేకపోయాను. గుడ్డ తీసుకోకుండానే పరుగెత్తాను.

నా తాతను ఊరంతా కలిసి ఆడిస్తోందని నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని నేను నిజాయితీ అనుకున్నాను. ఇన్నేళ్ల తరవాత చూసుకుంటే అది నిజాయితీ కాదు. మేము తింటున్నది మర్యాదకు మారుమర్యాద కాదని, ఊరు మాకు పెడుతున్న కూడు అని నాకు తెలిసిపోయింది. ఆ సిగ్గు ఒంటరిగా మోయడం నా చేత కాలేదు. తీసుకుపోయి ఆయన నెత్తిన పెట్టాను.

ఆ పూట తాత భోజనానికి కూర్చున్నారు. పళ్లెంలో ముద్ద, పక్కన గడ్డ తాళింపు. అవ్వ సారు తేవడానికి లోపలికి పోయిన సందులో చెప్పేశాను. గడ్డలు ఎవరూ తినడం లేదని, అన్నీ కింద చేని వాళ్ల ఆవు తొట్టిలో ఉన్నాయని, రాగులు మాత్రం వాళ్లు ఊరికే ఇస్తున్నారని. సారు గిన్నెతో అవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

తాత చేతిలో ముద్ద తునక ఉంది. దాన్ని చూశారు. "ఈ రాగులు యాడివి?" అని అవ్వను అడిగారు. అవ్వ వచ్చి పళ్లెంలో సారు పోసింది. ఆయన ఆ తునకను సారులో అద్దుకుని మింగారు. పళ్లెంలో ఉన్నదంతా, ఒక్క మెతుకు వదలకుండా, ఎప్పటికన్నా నెమ్మదిగా తిన్నారు. పరాయి ఇంటి తిండిని పారేసే హక్కు తనకు లేదనుకున్నారని ఇప్పుడు అనుకుంటాను. చెయ్యి కడుక్కున్నాక, "రేపట్నించి బుట్టలు పోవద్దు. వచ్చేది గూడా రావద్దు" అన్నారు. అంతే. ఆ సాయంత్రం అరుగు మీద ఆయన లేరు.

అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పడుకునే ముందు నా జడ విప్పుతూ ఒక మాట అంది. "నీకు తెలిసింది. బాగనే ఉండాది. తెలిసినదంతా చెప్పల్లని నీకు ఎవురు చెప్పినారు పాపా?"

ఆ తరవాతి రోజులు నేను మరిచిపోలేదు. రాగుల కుండ అడుగు కనిపించింది. ఉలవలు అయిపోయాయి. పెరట్లో గడ్డలు మాత్రం ఉన్నాయి. అత్త నేర్పిన వంటలన్నీ అవ్వ ఒక్కొక్కటే చేసింది. కాని అవన్నీ ముద్ద పక్కన ఉంటేనే వంటలు. ముద్ద లేకపోతే అవి ఎర్ర నీళ్లు, ఎర్ర పీచు. కొన్నాళ్లకు నూనె లేదు, తరవాత పల్లీలు లేవు. చివరికి ఉప్పేసి ఉడికించిన గడ్డ పొద్దునా, ఉప్పేసి ఉడికించిన గడ్డ రాత్రీ. తీసి పారెయ్యమని అత్త చెప్పిన నెత్తి ముక్కల్ని అవ్వ జాలాడిలో వేయకుండా పక్కన దాచుకుని, మేము తిన్నాక, పొయ్యి దగ్గర కూర్చుని నములుతుంటే ఒకసారి చూశాను. నేను చూశానని ఆమెకు తెలుసు. తాత మా ముగ్గురిలోనూ నిటారుగా కూర్చుని, ఉన్నది తిని, బాగుంది అని లేచేవారు. అంతకు ముందు ఏ వంటనూ ఆయన రోజూ బాగుంది అని అనలేదు.

మా బడిలో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవాళ్లు, మా పక్క ఉప్పిట్టు అంటాం. మా పాప ఆ వరసలో నిలబడదని తాత నన్ను చేర్పించిన రోజే మేష్ట్రుకు చెప్పి ఉన్నారు. ఆ వేళకు నేను చింతచెట్టు అవతలికి పోయి కూర్చునేదాన్ని. ఒకరోజు కూర్చోలేకపోయాను. పోయి వరస చివర నిలబడ్డాను. నా దగ్గర పళ్లెం లేదు. నోటుబుక్కు అట్ట చాపాను. వడ్డించే ఆమె నా ముఖం చూసి గరిటె ఆపింది, తరవాత రెండు గరిటెలు వేసింది. వరసలో ముందున్న కింద చేని అత్త కూతురు వెనక్కి తిరిగి చూసి, వెంటనే తల తిప్పేసుకుంది. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం తాత రోజూలాగే నా చేత పాఠం చదివించుకున్నారు. నోటుబుక్కు అందుకుని అట్ట మీద నూనె మరకను వేలితో ఒకసారి రాసి చూశారు. వేలు ముక్కు దగ్గరికి తీసుకున్నారు. ఆయన పుస్తకం తెరిచి, చదువు అన్నారు.

మరుసటి రోజు పొద్దున కింద చేని అత్త వచ్చింది. పెరటి దారిన కాదు, వీధి వాకిట్లోకి. మెట్ల కింద నిలబడి, తాత బయటికి వచ్చేదాకా అట్లాగే ఉంది.

"అప్పా, మీ గడ్డ రుచి మరిగి మా ఆవు ఇప్పుడు చొప్ప ముట్టదు. పాలు తగ్గిపోయినాయి. పాలు పోసే కాడ మా చెంబు చూసి నవ్వుతాండారు. ఉన్నట్టుండి మీరు గడ్డలు నిలిపేస్తే నేనేం చేయల్ల?"

"నీ ఆవు మా గడ్డ తినింది. మేము నీ రాగులు తిన్నాం. ఇంతేనా?" అన్నారు తాత.

"ఇంతే అప్పా. రాగులు మేము ఊరికే ఇచ్చినామా? పాలు పిండుకున్నాం గదా."

"నీకు అబద్ధం చెప్పను రాదు" అన్నారు.

"రాదప్పా. నేర్చుకుంటాండా" అంది ఆమె.

తాత తల తిప్పి గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. నా ముఖాన్ని కాదు, నా చేతిలోని నోటుబుక్కును. ఆయన భుజాలు నాకు తెలిసినప్పటి నుంచి ఒకే ఎత్తులో ఉండేవి. అప్పుడు కూడా వంగలేదు. గొంతు మాత్రం వేరే మనిషి గొంతులా వచ్చింది.

"పాప మోయదు. నేనే తెస్తా."

మరుసటి రోజు పొద్దున్నే ఆయన స్వయంగా పెరట్లోకి దిగి ఆరు గడ్డలు పీకారు. మట్టి దులిపి, రోజూ నేను మోసేది కాక, ఇంట్లో ఉన్న పెద్ద బుట్టలో పేర్చుకున్నారు. గుడ్డ కప్పలేదు. అవ్వ అందించబోతే వద్దన్నారు. బుట్ట ఎత్తి భుజాన పెట్టుకుని, వెనక దారిన కాదు, ఊరి నడివీధిలో నడిచారు. నేను వెనక నడిచాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. ఎవరూ బుట్ట అందుకోవడానికి ముందుకు రాలేదు. వస్తే ఆయన తట్టుకోలేరని వాళ్లకు తెలుసు.

కొట్టంలో ఆయనే కొడవలి అడిగి తీసుకుని, కింద కూర్చుని, గడ్డల్ని కోసి తొట్టిలో వేశారు. లేచి, పక్కకు జరిగి, ఆవు తింటుందా లేదా అని చూశారు. ఆవు మూతి ఎర్రగా చేసుకుని ఆబగా తిన్నది. "తింటాది" అన్నారు తాత. ఆయన చూడవలసింది అదొక్కటే. అత్త రాగుల బుట్ట తెచ్చి, మీద ఒక చెంబు పాలు పెట్టి ఇచ్చింది. పోయేటప్పుడు బుట్ట మోయడం ఆయనకు కష్టమైంది. తిరిగి వచ్చేటప్పుడు మోయడం అంతకన్నా కష్టమైంది. దారిలో రెండుసార్లు ఆగారు. రెండుసార్లూ నేను బుట్ట అడగలేదు. ఆ మాత్రం అప్పటికి నేర్చుకున్నాను.

గడ్డలు అయిపోయాక ఆయన బావి చుట్టూ పెరిగిన గడ్డి కోసి తీసుకుపోయేవారు. తన చేను దున్నిన ఇంటి ఆవుకు రోజూ గడ్డి మోసి, ఆ ఇంటి రాగులు తెచ్చి మా ఇద్దరినీ సాకారు. మూడేళ్ల తరవాత పోయారు. పోయిన రోజు కూడా పొద్దున మోపు వేసి వచ్చి పడుకున్నారు. ఊళ్లో అందరూ, కష్టం చేసుకుని బతికాడు, గొప్పవాడు అన్నారు. నిజమే. కాని ఆయన కోరుకున్న గొప్ప అది కాదు. చేతిలో ఏదో ఒకటి పెట్టగలిగిన ఇంటివాడిగా అరుగు మీద కూర్చుని పోవాలని ఆయన ఆశ. ఊరు దాన్ని ఆయనకు ఇవ్వడానికి సిద్ధపడింది, ముదిరిన గడ్డలు అందుకుని, ఆవుకు వేసి, నోరు మూసుకుని. నేను ఒక్కదాన్ని నోరు తెరిచాను.

అత్త ముసలిదయ్యాక ఒకసారి అడిగాను, నిజంగా ఆవు పాలు తగ్గాయా అని. "ఏమో పాపా, ఆ ఆవు ఉన్నప్పుడే దాన్ని అడగాల్సింది" అని నవ్వింది. అంతకు మించి ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

ఇప్పుడు నేను చిక్కబళ్లాపురంలో ఒక మేడ మీది గదిలో ఉంటున్నాను. ఒంటరిదాన్ని, మోకాళ్లు సహకరించవు, వంట ఒక్కోరోజు కుదరదు. అది నేను ఎవరికీ చెప్పుకోలేదు. మా ఇంట్లో చెప్పుకునే అలవాటు లేదు. కింది ఇంటి కోడలు మాత్రం వారంలో నాలుగు రోజులు మెట్లెక్కి వస్తుంది. "సారు ఎక్కువైపోయిందమ్మా, పారేయల్లంటే మనసొప్పలేదు" అంటుంది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. వాళ్లిద్దరికీ వారానికి నాలుగుసార్లు సారు ఎక్కువయ్యే అవకాశం లేదు. గిన్నె అందుకునేటప్పుడు ప్రతిసారీ నా నడుము తనంతట తానే బిగుసుకుంటుంది. అడగవలసిన మాట నోటి చివరి దాకా వస్తుంది. దాన్ని మింగి, ఇంత మంచి సారు పారేస్తారా ఎవరైనా అని, లోపలికి వచ్చి కూర్చోమంటాను.